అంగడి వీధిలో మన చోటు

నెల్లూరు తీరంలో ఏ పట్నానికి పోయినా ఇప్పుడు ఒకే మాట వినిపిస్తోంది: "బజారు పడిపోయింది." సూళ్లూరుపేటలో, నాయుడుపేటలో, గూడూరులో, కోటలో పాత అంగళ్ల వాళ్లు ఈ మాటే అంటున్నారు. ఒకప్పుడు సంక్రాంతి ముందు కాలు పెట్టడానికి చోటుండని వీధుల్లో ఇప్పుడు మధ్యాహ్నం పూట అంగడి యజమాని కుర్చీలోనే కునుకు తీస్తుంటాడు. కొన్ని తలుపులకు అద్దె బోర్డులు వేలాడుతున్నాయి. జనం సరుకులకు సూపర్ మార్కెట్టుకు పోతున్నారు. బట్టలకు నెల్లూరుకో, తిరుపతికో, చెన్నైకో పోతున్నారు. మిగిలినవి సెల్‌ఫోన్‌లో తెప్పించుకుంటున్నారు.

ఈ సంగతి రాసేవాళ్లు అంగడి యజమానుల నష్టం గురించి, వాళ్ల దగ్గర పనిచేసే గుమాస్తాల గురించి రాస్తారు. అది రాయాల్సిందే. అయితే ఆ వీధిలో ఇంకొందరు కూడా ఉన్నారు. అంగడి మెట్టు కింద, మురుగు కాలువ పక్కన గోతం పరుచుకుని ఎండ్రకాయలు, చేపలు, తేనె, కట్టెలు అమ్ముకున్న యానాది ఆడవాళ్లు. అదే వీధిని రాత్రి కాసి, తెల్లారి ఊడ్చిన యానాది మగవాళ్లు. వాళ్ల పేరు మీద అంగడి లేదు, లైసెన్సు లేదు, బోర్డు లేదు. కాబట్టి బజారు పడిపోతే వాళ్లు పోగొట్టుకున్నది ఎవరి లెక్కలోకీ రాదు. ఆ లెక్క మనమే రాసుకోవాలి.

బజారు మనకు మేలు చేసిందా, కీడు చేసిందా అని అడిగితే రెండూ చేసింది. కానీ మన చేతి సరుకు మన చేత్తోనే అమ్మి, డబ్బు కళ్లచూసిన చోటు అదొక్కటే. కొత్తగా వస్తున్న అంగళ్లలో మనకు కొనే దారి ఉంది, అమ్మే దారి లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చిరివేరు పోయిన కథ

మన పెద్దలు బజారుతో సంబంధం లేకుండా అడవిలో బతికారని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో కూడా గిరిజనుడంటే విల్లు, బాణం, అడవి, అంతే. చరిత్ర అలా లేదు.

మన ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని వేరు నుంచి ఎర్ర రంగు తీసేవాళ్లు. ఈ తీరంలో తయారైన అద్దకం బట్టలు, కలంకారీ బట్టలు సముద్రాలు దాటి పోయాయంటే అందులో ఈ ఎరుపుకు పెద్ద పాలు ఉంది. ఇంగ్లీషు వాళ్లు మద్రాసులో కోట కట్టకముందే, 1620లలో, మన దుగరాజపట్నం దగ్గర వర్తక స్థావరం పెట్టుకున్నది ఈ తీరపు బట్టల కోసమే. శ్రీహరికోట దీవిలో యానాదులు పలుగు పట్టుకుని చిరివేరు తవ్వేవాళ్లు. 19వ శతాబ్దంలో అక్కడ ప్రభుత్వ డిపో నడిచింది. చిరివేరు, తేనె, సుగంధిపాల వేరు, ముష్టిగింజలు లాంటివి మనవాళ్లు తెచ్చి పోస్తే, బదులుగా ధాన్యం, ఇతర సరుకులు ఇచ్చేవాళ్లు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో కూడా యానాదులు అడవి సరుకు సేకరించే సంగతి ఉంది. అంటే మన మొదటి అంగడిలో అటువైపు కూర్చున్నది శెట్టి కాదు, సర్కారే. ధర కూడా సర్కారు పెట్టిందే.

ఆ చిరివేరుకు ఏమైంది? 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ఇద్దరు ఆ ఎర్రరంగు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. మరికొన్నేళ్లకే ఫ్యాక్టరీలు దాన్ని చవకగా, టన్నుల కొద్దీ తీశాయి. వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి రంగు తీసే పనికి గిరాకీ తగ్గిపోయింది. ఇసుకలో వంగి వేరు తవ్విన మన ముత్తవ్వకు జర్మనీ అనే దేశం ఉందని తెలియదు. ఆమె చేతి పనిలో తప్పు లేదు, వేరులో రంగు తగ్గలేదు. ఎక్కడో జరిగిన మార్పు ఆమె బుట్టకు విలువ లేకుండా చేసింది. ఇప్పుడు బజారుకు జరుగుతున్నది కూడా ఈ రకంగానే జరుగుతోంది.

ఉప్పు దారులు

మన పొరుగు జాతి ఎరుకల వాళ్ల చరిత్ర ఇంకా కఠినమైనది. వాళ్లు తీరంలో ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు పోయేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవాళ్లు. అంగడి లేని ఊరికి నడిచి వచ్చే అంగడి వాళ్లు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ఆ తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్లు వచ్చాయి. పెద్ద వర్తకుడు రైలు పెట్టెలో ఉప్పు పంపిస్తుంటే గాడిద మీద మోసే మనిషి అవసరం తగ్గిపోయింది.

పని పోయిన మనిషిని ప్రభుత్వం ఏమని పిలిచిందో మనకు తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేశారు. కావలిలో ఎరుకల వాళ్ల కోసం సెటిల్‌మెంటు పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో వెలిసింది. యానాదుల్లోనూ చాలామంది ఆ చట్టం నీడ కింద బతికారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం సంఘం కట్టి, ఈ చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడారు. బజారు దారి మూసుకుపోవడానికి, మనిషి మీద దొంగ అనే ముద్ర పడడానికి మధ్య దూరం ఎంత తక్కువో ఈ చరిత్ర చెబుతుంది.

అంగడి వీధి పుట్టింది

మనం ఇప్పుడు చూస్తున్న అంగడి వీధులు మరీ పాతవేం కాదు. మద్రాసు నుంచి 1806లో మొదలైన ఉప్పునీటి కాలువను దశల వారీగా ఉత్తరానికి తవ్వుకుంటూ వచ్చారు. 1876–78 కరువులో కూలికి వచ్చిన జనంతో పెద్ద భాగం పూర్తి చేసి, దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు. ఆ కాలువ మీద పడవల్లో ఉప్పు, వడ్లు, కట్టెలు మద్రాసుకు పోయేవి. 1899 నాటికి గూడూరు, బెజవాడల మధ్య రైలుమార్గం కూడా తెరుచుకుంది. స్టేషను ఉన్న ఊళ్లో వర్తకులు చేరారు. స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారే చాలాచోట్ల అంగడి వీధి అయింది.

ఆ వీధిలో యానాదికి మూడు రకాల పని దొరికింది. ఒకటి, అమ్మడం. వాగుల్లో, కయ్యల్లో పట్టిన చేపలు, ఎండ్రకాయలు, అడవి తేనె, వంట కట్టెలు. రెండు, కాపలా. పొలాలకే కాక అంగళ్లకు కూడా యానాదులను రాత్రి కాపలాకు పెట్టుకోవడం ఈ జిల్లాలో పాత అలవాటు. మూడు, ఊడవడం, మోయడం, తర్వాతి కాలంలో రిక్షా తొక్కడం. ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. ప్రభుత్వం కాగితాల్లో దొంగల జాతి అని రాస్తున్న కాలంలోనే వర్తకుడు తన అంగడి తాళం పక్కన యానాదిని పడుకోబెట్టుకున్నాడు. ఎవరి మాట నిజమో ఆ వర్తకుడికి బాగా తెలుసు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవిలోని యానాది కుటుంబాలు తరతరాల చోటు వదిలి బయటికి రావలసి వచ్చింది. అడవిలో దొరికేది పోయాక బతుకు మొత్తం రోజూ చేతికొచ్చే డబ్బు మీద పడింది. కేంద్రానికి వాకిలి లాంటి సూళ్లూరుపేట పెరిగింది, దాని బజారూ పెరిగింది. అడవి పోయిన మనిషికి ఆ బజారే అడవి అయింది. పొద్దున పోతే సాయంత్రానికి ఏదో ఒకటి దొరికేది.

మెట్టు కింద

ఆ బజారు మంచిదేనని నేను అనడం లేదు. మనవాళ్లు మెట్టు ఎక్కేవాళ్లు కాదు. "ఏమే, ఏం కావాలి?" అని లోపలి నుంచి కేక వచ్చేది. "అయ్యా, గిద్దెడు నూనె సామీ" అని కింద నుంచి చెప్పుకోవాలి. సరుకు చేతిలో పెట్టకుండా కొంగులోకి పోసేవాళ్లు. కొలతలో మోసం ఉండేది. చదువు రాదు కాబట్టి పద్దులో ఏం రాశారో తెలియదు. ఎంత కట్టినా అప్పు అలాగే ఉండేది. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది కానీ, అంగడి పద్దుకూ, ఆసామి ఇచ్చే బయానాకూ కట్టుబడిన కుటుంబాలు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాయి. అమ్మగా వచ్చిన డబ్బు సారా కొట్టు దాటి ఇల్లు చేరేది కాదు. 1992లో మన జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా ఉద్యమం నడిచిందంటే ఆ బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇంత చెడు ఉన్నా మనవాళ్లు రోజూ ఆ వీధికి ఎందుకు పోయారు?

మా అమ్మ కూడా ఎండ్రకాయలు అమ్మింది. తాటినారతో కాళ్లు కట్టి, కుప్పలు పెట్టి, కుప్ప ఇంత అని చెప్పేది. బేరం ఆడేవాళ్లతో బేరం ఆడేది. ఆమెకు సంతకం రాదు కానీ ఎన్ని కుప్పలు పోయాయో, ఎంత రావాలో, ఎంత చిల్లర తిరిగివ్వాలో పొల్లు పోకుండా చెప్పేది. నేను పిల్లలకు కూడికలు, తీసివేతలు చెప్పేటప్పుడు ఇప్పటికీ ఎండ్రకాయల కుప్పలే ఉదాహరణగా వాడతాను. ఆ గోతం మీద ఆమె కూలిమనిషి కాదు, పని చెప్పే ఆసామి లేడు. ధర ఆమె చెప్పింది. ఎదుటి మనిషి ఒప్పుకోవాలి, లేదంటే పోవాలి. యానాది ఆడమనిషి ధర చెప్పగలిగిన చోటు ఈ లోకంలో అదొక్కటే.

కొసరు గురించి కూడా చెప్పాలి. కొలిచాక అంగడి వాడు చిటికెడు ఎక్కువ వేస్తాడు. మా అమ్మ కూడా కుప్ప అమ్మాక ఒక చిన్న ఎండ్రకాయ పైన వేసేది. కొసరు అంటే రేపు కూడా రా అని. తుఫాను రోజుల్లో వేట లేక చేతిలో పైసా లేనప్పుడు, వారం పాటు బియ్యం ఇచ్చి ఆగిన అంగళ్లు కూడా ఉన్నాయి. ఎక్కువే రాసుకున్నారు, అయినా ఆగారు. ఎందుకంటే ఆ మనిషి ముఖం తెలుసు, ఇల్లు తెలుసు. ఇంకా ఎక్కడ కోతలు మొదలయ్యాయి, ఎక్కడ ఇళ్ల స్థలాల పట్టాలిస్తున్నారు, ఏ ఆసుపత్రిలో ఏ రోజు డాక్టరు ఉంటాడు అన్న కబుర్లన్నీ మనవాళ్లకు ఆ వీధిలోనే తెలిసేవి.

వీధి ఎందుకు పలచబడింది

దీనికి ఒక్క కారణం చెప్పలేం. మొదట రోడ్డు. మద్రాసు–కలకత్తా రహదారి నాలుగు వరసలైనప్పుడు నెల్లూరు, గూడూరు లాంటి ఊళ్లను పక్కన పెట్టి బైపాస్ వేశారు. దారిన పోయే బస్సు, లారీ ఊళ్లో ఆగడం తగ్గింది. తర్వాత సూపర్ మార్కెట్లు వచ్చాయి. పెద్ద సంస్థ నేరుగా కంపెనీ దగ్గర లారీల లెక్కన కొంటుంది. చిన్న అంగడి వాడు డీలరు దగ్గర డజన్ల లెక్కన కొంటాడు. ఇతను కొన్న ధరకే వాళ్లు అమ్మగలరు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. వరసగా మూడు దెబ్బలు. లాక్‌డౌన్‌లో ఫోన్‌లో తెప్పించుకోవడం అలవాటైన వాళ్లు మళ్లీ వీధికి పూర్తిగా రాలేదు.

ఇది మన దగ్గరే జరగలేదు. ఇంగ్లండులో ఊరి ముఖ్యమైన అంగడి వీధిని హై స్ట్రీట్ అంటారు. 1909 నుంచి అక్కడ నడిచిన వూల్‌వర్త్స్ సంస్థ 2009 జనవరి 6 నాటికి తన 807 అంగళ్లనూ మూసేసింది. వీధులు ఖాళీ అవుతున్నాయని ప్రభుత్వమే 2011లో నివేదిక రాయించింది. వాళ్లు మూసిన తలుపులు లెక్కపెట్టారు, ఉద్యోగాలు లెక్కపెట్టారు. మన వీధుల్లో తలుపు, ఉద్యోగం రెండూ లేని మనుషులు ఉన్నారు. అంగడి మూతపడితే దాని ముందు జనం ఆగరు. జనం ఆగకపోతే మెట్టు కింద గోతం పరుచుకున్న మనిషికి బేరం లేదు. యజమాని ఆ చోటు అద్దెకిచ్చి బతుకుతాడు. ఆమె ఏమి అద్దెకిస్తుంది?

మనకు రెండో వైపు నుంచి కూడా దెబ్బ తగిలింది. 1990ల నుంచి తీరంలో రొయ్యల గుంటలు పెరిగాయి. చేతివేటకు పోయే వాగులు, కయ్యలు చాలావరకు ఎవరివో అయిపోయాయి. మిగిలిన చోట పట్టిన మంచి ఎండ్రకాయను ఏజెంటు అక్కడే తూకం వేసుకుని తీసుకుపోతున్నాడు. అది చెన్నై మీదుగా విమానమెక్కి సింగపూరు దాకా పోతుంది. ధర బాగానే ఉంటుంది. కానీ ఏజెంటు ముందుగా బయానా ఇచ్చి ఉంటాడు కాబట్టి ధర అతనే చెబుతాడు. పట్టే పని మగవాడి చేతిలో మిగిలింది, అమ్మే పని ఆడమనిషి చేతిలోంచి పోయింది.

కొత్త అంగడి, కొత్త మర్యాద

కొత్త అంగడిలో మేలు లేదనడం కూడా న్యాయం కాదు. అక్కడ మెట్టు కింద నిలబడమని ఎవరూ అనరు. మన ఆడపిల్ల లోపలికి పోయి, సబ్బు చేత్తో తీసుకుని, వాసన చూసి, ధర చదివి కొనుక్కోవచ్చు. ప్యాకెట్ మీద ధర అచ్చై ఉంటుంది, బిల్లు చేతికొస్తుంది. ఇంటర్ చదివిన మన పిల్లలకు బిల్లు కౌంటరులో ఉద్యోగం దొరుకుతోంది. నేను చదువు చెప్పిన పిల్లలు కూడా కొందరు అలా పనిచేస్తున్నారు. వాళ్ల అవ్వ అంగడి మెట్టు ఎక్కలేదు, వాళ్లు అంగడి లోపల కూర్చున్నారు. దీన్ని చిన్నదిగా చూడకూడదు.

అయితే ఆ అద్దాల తలుపు ముందు ఎండ్రకాయల గోతం పరుచుకోవడానికి వీల్లేదు. అది బండ్లు నిలిపే స్థలం, కాపలా మనిషి లేపేస్తాడు. ఆ కాపలా మనిషి కూడా మనవాడే కావచ్చు. లోపల బేరం లేదు, కొసరు లేదు, అప్పు లేదు. అప్పు కావాలంటే ఫోన్‌లో యాప్ ఉంది. తుఫాను వచ్చిందని అది ఆగదు.

చెయ్యవలసిన పని

పాత బజారు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. గోతం పరుచుకున్న చోటు మాత్రం పోకూడదు. అది దయ మీద దొరికిన చోటు కాబట్టి ఇంత తేలిగ్గా పోతోంది. 1999 జనవరి 26న మన రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. మంచి పని. కానీ అక్కడ చోటు రైతుగా గుర్తింపు ఉన్నవాళ్లకు. భూమి లేకుండా నీటిలో, అడవిలో ఏరుకొచ్చి అమ్మేవాళ్లు ఆ లెక్కలో పడలేదు.

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణంలో అయిదేళ్లకొకసారైనా వీధి వ్యాపారుల సర్వే చేయాలి. పట్టణ జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వేలో ఉన్నవాళ్లకు ధ్రువపత్రం ఇవ్వాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. పట్టణ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి, షెడ్యూల్డ్ తెగలకూ ప్రాతినిధ్యం ఉండాలి. తలమీద తట్ట పెట్టుకుని తిరిగి అమ్మేవాళ్లు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. 2020లో మొదలైన స్వనిధి పథకంలో అప్పు (మొదలైనప్పుడు మొదటి విడత 10,000 రూపాయల దాకా ఉండేది) కూడా ఈ గుర్తింపు మీదే ఇస్తారు.

సర్వే వచ్చేది పగటి పూట. మన ఆడవాళ్లు అమ్మేది తెల్లవారుజామున, సాయంత్రం. సర్వే మనిషి వచ్చినప్పుడు వాళ్లు వాగులో ఉంటారు. ఆధార్ కార్డులో పేరు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి ఉంటుంది. ఇలా జాబితాలోంచి జారిపోతారు. చదువుకున్న మనం చెయ్యగలిగిన పని ఇక్కడే ఉంది. మున్సిపాలిటీకి పోయి సర్వే ఎప్పుడో కనుక్కోవడం, ఆ రోజు మన వాళ్లను అక్కడ ఉంచడం, కాగితాలు సరిచేయించడం, కమిటీలో మన మనిషి ఉన్నారా అని అడగడం. అమ్మే చోటుకు ఈ చట్టం ఉన్నట్టే, పట్టే చోటుకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అటవీ భూముల పరిధిలోని నీటి వనరుల్లో చేపల మీద కూడా అది సామూహిక హక్కు చెబుతుంది. ఒకటి లేకుండా ఇంకొకటి ఉపయోగపడదు.

చిరివేరు పోయినప్పుడు మనలో చదివేవాళ్లు లేరు. ఉప్పు దారులు మూసుకుపోయినప్పుడు ఎరుకల వాళ్ల తరపున అర్జీ రాసేవాళ్లు లేరు. ఈసారి మనలో టీచర్లు ఉన్నారు, వలంటీర్లుగా పనిచేసినవాళ్లు ఉన్నారు, బిల్లు కౌంటరులో కూర్చున్న పిల్లలు ఉన్నారు. మన పట్నంలో ఏ అంగడి ముందు మన ఇంటి ఆడవాళ్లు ఎన్నేళ్లు కూర్చున్నారో అడిగి, వీధి పేరుతో సహా ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మన చరిత్ర అవుతుంది. రేపు సర్వే మనిషి వచ్చినప్పుడు అదే మన సాక్ష్యం కూడా అవుతుంది.